అప్‌డేట్: సున్నపురాయి గోడ పెచ్చులకు కారణం సిమెంటే

పాత సున్నపురాయి ఇంటి గోడలో కింది వరుసల రాళ్లు పెచ్చులూడుతున్నాయని అడిగాను కదా, కారణం తేలింది. రాళ్ల సందుల్లో తర్వాతెప్పుడో కూరిన సిమెంటు. గోడలోని తేమ సందుల్లోంచి బయటికి పోలేక రాయిలోంచే ఆరుతోంది. దాంతోపాటు వచ్చిన లవణాలు స్ఫటికాలై రాతి ముఖాన్ని చీలుస్తున్నాయి. ఆ తడిని మోయాల్సింది సందుల్లో ఉండాల్సిన సున్నం, రాయి కాదు.

సిమెంటును ఉలితోనే తీయించాను. గ్రైండర్ జారితే పోయిన రాతి అంచు మళ్లీ రాదు. లోతు 25 మి.మీ., సందు వెడల్పుకు కనీసం రెట్టింపు. దుమ్ము దులిపి, తడిపి, ఎన్‌హెచ్‌ఎల్ 3.5 (నీటితో గట్టిపడే సహజ సున్నంలో ఒక రకం) 1 పాలు, గరుకు ఇసుక 2.5 పాళ్లు కలిపి కూరారు. పైన వారంపాటు తడి గోనెపట్టాలు. మొదటిరోజే పట్టా జారినచోట సన్నటి పగుళ్లు వచ్చాయి. సున్నం ఇంకా మెత్తగానే ఉంది గనుక తడిపి గట్టిగా అదిమితే పూడుకున్నాయి.