లాక్‌ఫైల్ పని బాట్‌కి అప్పగించేద్దామా?

గోదారిగట్టు:
ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టినదాన్ని తెలుగు లిపిలోకి మార్చే చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఒకటి నడుపుతున్నాం. చూసుకునేది ఇద్దరమే, ఇద్దరికీ పగలంతా వేరే ఉద్యోగాలు. పోయిన నెల ఒక ఇంజినీరింగ్ కుర్రాడు 'కృష్ణ'కి బదులు 'క్రిష్ణ' వస్తున్న తప్పు పట్టుకుని పుల్ రిక్వెస్ట్ (తన మార్పుని మా కోడ్‌లో కలుపుకోమనే విన్నపం) పంపాడు. అసలు మార్పు ఆరు లైన్లు. టెస్టు కోసం ఒక ప్యాకేజీ చేర్చాడు కాబట్టి ప్యాకేజ్-లాక్ (ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ దింపాలో రాసిపెట్టే లాక్‌ఫైల్) కూడా మారింది. ఈలోగా నేను ఇంకొకరిది మెర్జ్ చేశాను (కోడ్‌లో కలిపాను), ఇతనికి కాన్‌ఫ్లిక్ట్ వచ్చింది, అంటే ఆ ఫైల్లో రెండు మార్పులూ ఢీకొన్నాయి. "లాక్‌ఫైల్ మళ్లీ జనరేట్ చేసి పంపు బాబూ" అన్నాను. పంపాడు. అప్పటికి మరొకటి మెర్జ్ అయిపోయింది. మూడోసారి అడిగాక మనిషి మళ్లీ కనిపించలేదు. చివరికి ఆ ఆరు లైన్లూ అతని పేరుమీదే నేను కమిట్ చేశాను.

ఎవరూ చేత్తో రాయని, ఎవరూ చదవని ఫైలు కోసం పనికొచ్చే కుర్రాణ్ణి పోగొట్టుకున్నాం. అందుకే అడుగుతున్నా: ప్యాకేజ్.జేసన్ (మాకు కావాల్సిన ప్యాకేజీల జాబితా) మారితే చాలు, సీఐలో (కోడ్ వచ్చినప్పుడల్లా దానంతటదే టెస్టులు నడిపే ఏర్పాటు) బాటే లాక్‌ఫైల్ తయారుచేసి అదే బ్రాంచిలో కమిట్ కొట్టేస్తే ఏం పోతుంది?

ఓరుగల్లు_పిలగాడు:
ఏం పోతదో నేను చెప్త అన్నా. నేను ముందు చేసిన కంపెనీల గిట్లనే పెట్టినం. మెయిన్‌ల (అసలు కోడ్ ఉండే బ్రాంచిల) ఏది మెర్జ్ అయినా బాట్ లాక్‌ఫైల్ జనరేట్ చేసి పుష్ చేస్తది. గిట్‌హబ్ యాక్షన్స్ (గిట్‌హబ్ సీఐ) వాడు ఇచ్చే మామూలు టోకెన్‌తోని, అంటే బాట్‌కి హక్కు ఇచ్చే తాళంచెవితోని, పుష్ చేసినం. ఆ టోకెన్‌తోని పడ్డ కమిట్ మీద వేరే వర్క్‌ఫ్లో నడవదు, ఒకదాన్నొకటి లేపుకుంట ఆగకుండ తిరుగుతయని వాళ్లే ఆపిండ్రు. మాకు ఆ సంగతి తెల్వదు. అంటే మెయిన్‌ల అన్నిటికంటే కొత్త కమిట్ ఎప్పుడూ టెస్ట్ కానిదే! శుక్రవారం పొద్దుగూకినంక దానిమీదనే రిలీజ్ ట్యాగ్ కొట్టినం. మిగతాది ఎందుకులే.

ఇంకోటి కూడా ఉండె. మా స్క్రిప్ట్ పాత లాక్‌ఫైల్ తీసేసి మొదట్నుంచి పుట్టించేది. గట్ల చేస్తే మనం ముట్టుకోని ప్యాకేజీలు, వాటి కింద ఉన్నవి, అన్నీ రేంజ్‌ల (ఒప్పుకున్న వెర్షన్ల హద్దుల) పట్టేదాంక కొత్త వెర్షన్లకు ఎగబాకుతయి. ఉన్నదాన్ని సర్దుడు వేరు, తీసేసి మళ్ల చేసుడు వేరు.

రాత్రిపాళీ:
అసలు లైబ్రరీకి లాక్‌ఫైల్ ఎందుకండీ? మీ లైబ్రరీ వాడుకునేవాళ్లకి అది చేరనే చేరదు, ఎన్‌పీఎంలో (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు పంచుకునే చోటు) పబ్లిష్ చేసేటప్పుడు ప్యాకేజ్-లాక్ వెళ్లదు. గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోని ఫైళ్ల జాబితా) పడేస్తే మీ గొడవంతా పోతుంది. రస్ట్ భాష వాళ్లు కూడా లైబ్రరీలకు కార్గో.లాక్ (వాళ్ల లాక్‌ఫైల్) పెట్టొద్దనే ఏళ్లపాటు చెప్పారు.

పెన్నాతీరం:
చెప్పారు, 2023లో ఆ సలహా మార్చుకున్నారు కూడా. ఇప్పుడు ఎవరి ప్రాజెక్టుకి ఏది నప్పితే అది చేసుకోమంటున్నారు.

లాక్‌ఫైల్ లేకపోతే ఏమవుతుందో 2025 సెప్టెంబరు 8 గుర్తు చేసుకోండి. చాక్, డీబగ్ లాంటి ప్యాకేజీలు చూసుకునే అతన్ని దొంగ ఈమెయిల్‌తో బోల్తా కొట్టించి విషం కలిపిన వెర్షన్లు ఎక్కించారు. దాదాపు 2 గంటల్లో తీసేయించారు గానీ, ఆ 2 గంటల్లో లాక్ లేకుండా సీఐ నడిపినవాడు నేరుగా ఆ వెర్షన్లే దింపుకునే అవకాశం ఉంది. లాక్ ఉన్నవాడికి పాత వెర్షనే వచ్చింది. వచ్చిన అప్‌డేట్ వచ్చినట్టు మెర్జ్ చేసే బాట్ పెట్టుకున్నవాడు మాత్రం లాక్ ఉన్నా లేనివాడితో సమానమే. అప్‌డేట్లు తెచ్చే బాట్లు రెనోవేట్‌లో, డిపెండబాట్‌లో కొత్త వెర్షన్‌ని కొన్నాళ్లు ఆగి తీసుకునే ఏర్పాటు ఉంది, ముందు అది పెట్టుకోండి.

గట్టుగారూ, మీ ప్రతిపాదనతో నాకున్న పేచీ వేరే. బయటివాళ్ల ఫోర్క్ (వాళ్లు తీసుకున్న సొంత కాపీ) నుంచి వచ్చే పుల్ రిక్వెస్ట్‌కి టోకెన్ చదవడానికే తప్ప రాయడానికి పనికిరాదు. బాట్ కమిట్ కొట్టాలంటే జనం వెంటనే పట్టుకునేది వర్క్‌ఫ్లోని లేపే పుల్_రిక్వెస్ట్_టార్గెట్ అనే పద్ధతిని. దానికి రాసే హక్కూ ఉంటుంది, మీ రహస్యాలూ అందుతాయి. అక్కడ ముక్కూమొహం తెలియనివాడి కోడ్ చెకౌట్ చేసి ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొడితే, వాడి పోస్ట్‌ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ (ఇన్‌స్టాల్ కొట్టగానే దానంతటదే నడిచేది) మీ తాళాలగుత్తి పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంది.

"ఎవరూ చదవని ఫైలు" అన్నారే, నాకు భయం అక్కడే. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జడ్ (లినక్స్‌లో ఫైళ్లు కుదించే లైబ్రరీ) దొంగదారి చూడండి. దాన్ని లేపే ఎం4 స్క్రిప్ట్ (బిల్డ్‌కి వాడేది) గిట్‌లో లేదు, రిలీజ్ టార్‌బాల్‌లో (విడుదల చేసే ఫైళ్ల మూటలో) మాత్రమే పెట్టారు. టార్‌బాల్‌లో జనరేట్ అయిన ఫైళ్లు అదనంగా ఉండటం మామూలే కదా అని ఎవరూ తెరవలేదు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లే దారి) లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమిటా అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వబట్టి దొరికింది.

గోదారిగట్టు:
బెదరగొట్టేశారు. సరే, బయటివాళ్లు పంపిన లాక్‌ఫైల్ నేను చదువుతానా అంటే, లేదు. పచ్చా ఎరుపూ కలిసి రెండు వేల లైన్లు చూసి ఓకే కొడతాను. అందులో ఒక ప్యాకేజీ దిగే చిరునామా మార్చి, హ్యాష్ (ఫైలు వేలిముద్ర లాంటిది) కూడా దానికి తగ్గట్టు పెట్టినా నా కంట పడదు. ఆ లెక్కన వాళ్ల దగ్గర లాక్‌ఫైల్ తీసుకోకుండా మనమే తయారుచేసుకోవడం మేలు కాదా? పని తప్పుతుందని మొదలుపెట్టాను గానీ, మీ మాటలు విన్నాక భద్రతకి కూడా బాటే నయమనిపిస్తోంది.

పెన్నాతీరం:
అది ఒప్పుకుంటాను. నా గొడవ బాట్ మీద కాదండీ, దాన్ని ఎవడు ఎప్పుడు లేపుతున్నాడన్నదాని మీద. మీ ఇద్దరిలో ఒకరు పుల్ రిక్వెస్ట్ చదివి కామెంట్ పెడితేనే కదలాలి. కదిలాక మెయిన్ చెకౌట్ చేసి, అవతలివాడి ప్యాకేజ్.జేసన్ ఒక్కటే తెచ్చి పైన పెట్టాలి. వాడి ఫోల్డరంతా తెస్తే అందులో ఎన్‌పీఎంఆర్‌సీ ఫైలు (ఎన్‌పీఎం సెట్టింగులు) ఉండొచ్చు, అది రిజిస్ట్రీనే, అంటే ప్యాకేజీలు దింపే చోటునే, వేరేచోటికి తిప్పేస్తుంది. ఆ తర్వాత ప్యాకేజ్-లాక్-ఓన్లీ (లాక్‌ఫైల్ మాత్రమే రాయి), ఇగ్నోర్-స్క్రిప్ట్స్ (స్క్రిప్టులు నడపకు) రెండూ పెట్టి ఇన్‌స్టాల్ కొట్టండి. మెయిన్‌లో ఉన్న లాక్ మీదే సర్దుతుంది కాబట్టి ఓరుగల్లు తమ్ముడు చెప్పిన ఎగబాకుడూ ఉండదు.

ఓరుగల్లు_పిలగాడు:
కామెంట్ పెట్టినంక, బాట్ లేచేలోపట వాడు ఇంకో కమిట్ పుష్ చేస్తే?

పెన్నాతీరం:
బాగా పట్టావ్. కామెంట్‌లోనే చదివిన కమిట్ హ్యాష్ రాయాలి. తాజా కమిట్ అది కాకపోతే బాట్ ఊరుకోవాలి.

రాత్రిపాళీ:
ఇద్దరు నడిపే ప్రాజెక్టుకి ఇంత తతంగమా! నేనైతే ఇప్పటికీ గిట్‌ఇగ్నోరే అంటాను.

గోదారిగట్టు:
నిన్న రాత్రి కూర్చుని పెన్నాతీరం గారు చెప్పినట్టే రాశాను, నలభై లైన్ల లోపే. టోకెన్‌కి బదులు మా రిపోజిటరీ వరకే హక్కున్న గిట్‌హబ్ యాప్ పెట్టాను, దాంతో బాట్ కమిట్ మీద టెస్టులు నడుస్తున్నాయి. లాక్‌ఫైల్ ముట్టుకోవద్దని కాంట్రిబ్యూటర్లకి చెప్పే పేజీలో ఒక వాక్యం చేర్చాను. బాట్ లేచేదాకా లాక్ సరిపోలక ఎన్‌పీఎం సీఐ (లాక్ ప్రకారమే ప్యాకేజీలు దింపే కమాండు) ఫెయిలవుతుంది కదా, దానికి భయపడొద్దని కూడా రాశాను. నాదే పాత పుల్ రిక్వెస్ట్ ఒకటి తీసి దానిమీద పరీక్షించా. రెండు ప్యాకేజీలకి మూడు వేల లైన్ల డిఫ్ వచ్చింది, ఎందుకో అర్థం కావట్లేదు.

ఓరుగల్లు_పిలగాడు:
బాట్‌ల ఎన్‌పీఎం ఏ వెర్షన్? నీ ల్యాప్‌టాప్‌ల ఏది?

గోదారిగట్టు:
...బాట్‌లో 6, నా దగ్గర 10. లాక్‌ఫైల్ ఫార్మాటే మారిపోయిందన్నమాట. ఆగండి, సరిచేసి వస్తా.