చేతులు కడిగే వరుస పిల్లలకి నిలవట్లేదు, ఎక్కడ దిద్దాలి?

నర్సరీ టీచర్, ఉప్పల్
మా క్లాసులో అందరూ మూడున్నర, నాలుగేళ్ల వాళ్లు. అన్నానికి ముందు చేతులు కడిగిస్తాం. విడివిడిగా ప్రతి పనీ వచ్చు, వరుసే తప్పుతున్నారు. చేతికి సబ్బు ఉండగానే టవల్‌కి తుడిచేస్తారు. కొందరు సబ్బు అంటగానే నల్లా కింద పెట్టేస్తారు. నెట్‌లో దొరికిన ఎనిమిది బొమ్మల కార్డులు కింద పరిచి పేర్చమంటే తప్పు లేకుండా పేరుస్తారు, సింక్ దగ్గర మళ్లీ మామూలే. మాది బోరు నీళ్లు, నురగ కూడా సరిగా రాదు.

ఆక్యుపేషనల్ థెరపిస్ట్, మల్కాజిగిరి
కార్డులు పేర్చడం వచ్చినంత మాత్రాన కడుక్కోవడం రాదండీ. వరుస సింక్ దగ్గరే నేర్పాలి, అదీ చివరి నుంచి. ముందంతా మీరు చెయ్యి పట్టి చేయించి, ఆఖరున తుడుచుకోవడం ఒక్కటే పిల్లలకి వదలండి. అది సొంతంగా వచ్చాక నీళ్లతో కడుక్కోవడం కూడా వదలండి. అలా ఒక్కో మెట్టూ వెనక్కి రండి. మొదటి నుంచి నేర్పితే రోజూ మధ్యలో ఆగిపోతారు, మిగతాది మనం కానిచ్చేస్తాం. ఇలా అయితే మొదటి రోజు నుంచే పని ముగించేది వాళ్లే.

కార్డులు నాలుగు చాలు: తడపడం, సబ్బుతో రుద్దడం, కడగడం, తుడవడం. మీ సింక్‌నే ఫోన్‌తో ఫొటోలు తీసి పిల్లల కళ్ల ఎత్తులో అంటించండి.

"తర్వాత ఏంటి నాన్నా? సబ్బేదీ?" అని మాత్రం అందించొద్దు. ఆ మాట కూడా వరుసలో కలిసిపోతుంది, మీరు అనేదాకా చేతులు చాపి నిలబడతారు. వెనక నిలబడి మోచెయ్యి తాకి సబ్బు వైపు జరపండి. చేతి సాయం మెల్లగా తగ్గించొచ్చు, మాట సాయం మాన్పించడమే గగనం.

టవల్ సింక్ పక్కనే వేలాడుతోందా? ఎదురుగా కనిపించేదాన్నే ముందు అందుకుంటారు. రెండడుగుల దూరంలో, తలుపు దగ్గర తగిలించి చూడండి.

హెల్త్ ఎడ్యుకేటర్, బోడుప్పల్
బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టు కడతాయి, అందుకే నురగ రాదు. పిల్లలకేమో నురగే గుర్తు. అది రాకపోతే సబ్బు మళ్లీ మళ్లీ వేసుకుంటూనే ఉంటారు, లేదంటే రుద్దడం మానేస్తారు. బిళ్ల సబ్బు కన్నా లిక్విడ్ హ్యాండ్‌వాష్ నయం, ఒక్క నొక్కు చాలు. అంకెలు లెక్కపెడుతూ రుద్దించండి: అరచేతులు, చేతుల వెనక, వేళ్ల సందులు, బొటనవేళ్లు, గోళ్ల కొసలు. ఒక్కోదానికి నిదానంగా నాలుగంకెలు లెక్కపెడితే 20 సెకన్లు అవుతుంది. బొటనవేళ్లని దాదాపు అందరూ వదిలేస్తారు, అక్కడ చూడండి.

రుద్దేంతసేపూ నల్లా కట్టేసి ఉండాలి. నీళ్లు పడుతుంటే రుద్దకముందే సబ్బు పోతుంది. తిప్పే నల్లా సబ్బు చేతులకి జారుతుంది కాబట్టి మొదట్లో మీరే తిప్పండి, లేదా మగ్గుతో పోయండి.

నర్సరీ టీచర్, ఉప్పల్
థాంక్సండీ. టవల్ పక్కనే ఉంది, రేపే మారుస్తా. బ్రషింగ్ వరుస గురించి కూడా తల్లులు అడుగుతున్నారు.

పిల్లల డెంటిస్ట్
ముందు రాత్రి వరుస సరిచేయమనండి. పాలు తాగాక బ్రష్, ఆ తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా ఉంటుంది, పాల సీసాతోనే నిద్రపుచ్చుతారు. పేస్ట్ మూడేళ్లలోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వరకు బఠానీ గింజంత. పైపైన పెడితే నాకేస్తారు, కుచ్చులోకి అదిమి ఇవ్వాలి. రోజూ ఒకే చోట మొదలుపెట్టించండి: బయటి వైపు, లోపలి వైపు, నమిలే వైపు. కింది దవడ లోపలి వైపు ఎక్కువగా మిగిలిపోతుంది. చివర ఉమ్మిస్తే చాలు, గ్లాసుడు నీళ్లతో పుక్కిలిస్తే పేస్ట్‌లో పళ్లు పుచ్చకుండా కాపాడే ఫ్లోరైడ్ కూడా పోతుంది. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా వాళ్లు తోముకున్నాక పెద్దవాళ్లు ఇంకోసారి తోమాల్సిందే.