గ్యాస్ మాత్ర ఏళ్ల తరబడి వేసుకోవచ్చా, ఆపేయాలా?

సోంపేట చిన్నోడు:
మా నాన్న పలాసలో జీడి ఫ్యాక్టరీకి వెళ్తారు. నాలుగేళ్లుగా పొద్దున్నే పాంటాప్రజోల్ 40 పడాల్సిందే. మొదట రాసిన చీటీ ఇంకా ప్లాస్టిక్ కవర్లోనే ఉంది. నిన్న తీసి చూస్తే "14 రోజులు" అని రాసి ఉంది! ఖాళీ అట్ట చూపిస్తే షాపులో కొత్తది ఇస్తున్నారు, అంతే. అసలే మాది కిడ్నీ జబ్బులు ఎక్కువుండే ఉద్దానం. కిడ్నీలు పోతాయని అన్నయ్య ఆపించాడు. మూడో రోజుకే గుండెల్లో మంట, నాన్న మళ్లీ మొదలెట్టారు. ఎవరి మాట వినాలి?

బొబ్బిలి వీణ:
మీ అన్నయ్య మాటే వినండి. మా పిన్ని ఆరేళ్లు వేసుకుంది. అరికాళ్లు తిమ్మిర్లెక్కితే పరీక్ష చేయించాం, విటమిన్ బి12 బాగా తక్కువ. రాత్రి ఎనిమిదికల్లా తినేసి, మజ్జిగ తాగితే చాలు. మాత్రెందుకు?

కోట వీధి:
అందరికీ అలా చెప్పేయకండి. మా మావయ్యకు గుండెలో స్టెంట్ వేశారు, రోజూ ఆస్పిరిన్, అది కడుపులో పుండు పెట్టకుండా గ్యాస్ మాత్ర. వాట్సాప్‌లో ఏదో చదివి గ్యాస్ మాత్ర ఒక్కటీ మానేశారు. నెల తిరక్కుండానే విరోచనం తారులా నల్లగా వచ్చింది. ఇనుము మాత్రల వల్లేమో అనుకుని రెండు రోజులు ఊరుకున్నాం. ఎండోస్కోపీలో పుండు కనిపించింది, రెండు సీసాల రక్తం ఎక్కించారు.

నాగావళి ఒడ్డు:
నేను ఫార్మసీ చదివినవాణ్ని, డాక్టర్ని కాను. మూడో రోజు మంట వచ్చిందంటే జబ్బు తిరగబెట్టిందనే అనుకోనక్కర్లేదు. ఏళ్లపాటు అణచి ఉంచిన యాసిడ్, మాత్ర ఆపగానే కొన్నాళ్లు ఎక్కువగా ఊరుతుంది. అందుకే చాలామందికి డాక్టర్లు 20కి తగ్గించి, తర్వాత రోజు విడిచి రోజు ఇచ్చి మాన్పిస్తారు.

కిడ్నీ సంగతి. 2019లో వచ్చిన కాంపాస్ ట్రయల్‌లో 17,598 మందికి సగం పాంటాప్రజోల్, సగం ఉత్తుత్తి మాత్ర ఇచ్చి సుమారు మూడేళ్లు చూశారు. కిడ్నీ జబ్బులో చెప్పుకోదగ్గ తేడా లేదు, పేగు ఇన్‌ఫెక్షన్లు మాత్రం కొంచెం పెరిగాయి.

కంచిలి కొబ్బరి:
అది గుండె జబ్బులున్నవాళ్ల మీద చేసిన ట్రయల్ కదండీ. ఎండలో చెమటోడ్చే మా ఉద్దానం మనిషికి దాన్ని ఎలా అతికిస్తారు? మాకు ఈ జబ్బు ఎందుకొస్తోందో ఇంకా తేలనే లేదు.

నాగావళి ఒడ్డు:
ఒప్పుకుంటాను. అరుదుగానైనా ఈ మాత్ర వల్ల కిడ్నీలో వాపు రావడం నిజమే. కానీ నన్ను అడిగితే ఈ మాత్ర కంటే దాని పక్కన వేసుకునే మాత్రకు భయపడాలి. ఒళ్లు నొప్పులకని డైక్లోఫెనాక్, అది కడుపులో మంట పెడుతుందని గ్యాస్ మాత్ర. షాపులో రెండూ జోడీగా కట్టిస్తారు. పొట్టకు కాపలా దొరుకుతుంది గానీ, నొప్పి మాత్ర దెబ్బ నుంచి కిడ్నీని కాసేదెవరు?

ఇంకొకటి, పుండ్లకు కారం, టెన్షనే కారణమని ఒకప్పుడు డాక్టర్లూ అనుకునేవారు. హెచ్. పైలోరీ అనే సూక్ష్మజీవిని పట్టుకున్నందుకు మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ ఇచ్చారు. అది ఉంటే రెండు వారాల యాంటీబయాటిక్ కోర్సు కావాలి, నాలుగేళ్ల మాత్ర కాదు. శ్వాస పరీక్షకో మల పరీక్షకో ముందు రెండు వారాలు గ్యాస్ మాత్ర ఆపాలి, లేకపోతే ఉన్నా లేనట్టే చూపించవచ్చు. బరువు తగ్గినా, ముద్ద దిగకపోయినా నేరుగా ఎండోస్కోపీకే. చిన్నోడా, నాన్నగారు నొప్పి మాత్రలు వేసుకుంటారా?

సోంపేట చిన్నోడు:
లేదనే రాయబోయాను. అనుమానమొచ్చి చొక్కా జేబు వెతికితే డైక్లోఫెనాక్ అట్ట దొరికింది, పదిలో మూడే మిగిలాయి. "అది నడుం నొప్పికిరా, గ్యాస్‌ది వేరే" అంటున్నారు. సోమవారం ఫ్యాక్టరీకి సెలవు పెట్టించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయిస్తాం. చీటీ, రెండు అట్టలూ సంచిలో పెట్టేశాను. అన్నయ్యకు ఇంకా చెప్పలేదు.