గ్రామప్రియ కోడిపిల్లలకు బల్బు పెట్టాలా, పొదుగు పెట్ట కింద వదిలేయాలా?

పెరటి కోళ్లు (ఖమ్మం)
వచ్చే వారం 25 గ్రామప్రియ పిల్లలు వస్తున్నాయి, ఒక రోజు వయసువి. ఇంట్లో అప్పుడే రెండు పార్టీలు అయ్యాయి. "నాటు పెట్ట పొదుగు మీద ఉందిగా, దాని కిందే వదిలేయ్, బల్బులూ గిల్బులూ ఎందుకు" అని మా అత్తయ్య. అట్టపెట్టెలో బల్బు వేలాడదీసి పెంచుదామని మా ఆయన. అసలే డిసెంబరు చలి, పైగా మా వీధిలో తెల్లవారుజామున కరెంటు పోతూ ఉంటుంది. పెంచినవాళ్లు ఏదో ఒకటి గట్టిగా చెప్పండి. "రెండూ మంచివే" అంటే మా ఇంట్లో గొడవ తీరదు.

మెట్ట రైతు
మీ అత్తయ్యగారిదే రైటు. పెట్టను మించిన బ్రూడర్, అంటే పిల్లలను వెచ్చగా ఉంచే సాధనం, ఏ షాపులోనూ దొరకదమ్మా. చలేస్తే పిల్ల రెక్క కిందికి దూరుతుంది, చాలనుకుంటే బయటికొస్తుంది. మేత నేర్పేదీ అదే. చెదపుట్ట మట్టి ఒక పెళ్ల తెచ్చి ముందు వేసి చూడండి. పెట్ట పురుగును ముక్కుతో తీస్తుంది, వదిలేస్తుంది, మళ్లీ తీస్తుంది, పిల్ల వచ్చి ముక్కు పెట్టేదాకా పిలుస్తూనే ఉంటుంది. పెట్టెలో పెరిగిన పిల్లలను పెరట్లో వదిలితే గద్దకు పలారమే. పెట్ట ఉంటే ఒక్క అరుపు చాలు, పిల్లలన్నీ కంచెలోకి మాయం. అసీల్ (పందెం కోళ్ల జాతి) పెట్టయితే గద్ద మీదికే ఎగురుతుంది.

షెడ్డు మనిషి
రైతన్నా, ఆవిడ 25 పిల్లలంటున్నారు. నాటు పెట్ట రెక్కల కింద ఎన్ని పడతాయి? పది, మహా అయితే పన్నెండు. మిగతావి రాత్రంతా బయట వణకాలా?

ఇంకోటి. గ్రామప్రియ అంటే రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికని, ముఖ్యంగా గుడ్ల కోసం తయారుచేసిన రకం. మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు నర్సరీలో వెచ్చగా ఉంచి, టీకాలు వేయించి, ఆ తర్వాత పెరట్లోకి వదలాలన్నది దానికి మొదటి నుంచీ చెప్పే పద్ధతే. పుట్టిన రోజే పెరట్లో పెట్ట వెంట తిప్పడం కాదు.

కరెంటు బిల్లు గురించి కూడా ఒక మాట. పిల్లల కోడి రెండు మూడు నెలలు గుడ్డు పెట్టదు. అసలు నాటు పెట్ట ఏడాదికి పెట్టేదే 50, 60. పిల్లలు లేకపోతే తొందరగా మళ్లీ గుడ్లకొస్తుంది. నాటు గుడ్డు ఎంతకు అమ్ముతున్నారో తెలిసినవాళ్లు బల్బు ఖర్చు గురించి మాట్లాడకూడదు.

మెట్ట రైతు
ఖర్చు మాట నేను ఎత్తనేలేదు తమ్ముడూ, నువ్వే ఎత్తావు. పన్నెండే పడతాయంటే పన్నెండే తెచ్చుకోమనండి. 25 ఎవరు తెమ్మన్నారు?

మేడ మీద కోళ్లు (ఉప్పల్)
మా ఇంటికి పెరడే లేదు, మేడ మీదే అంతా. పెట్ట కూడా లేదు కాబట్టి నా ఓటు పెట్టెకే. కానీ పెట్టె అంటే అట్టడబ్బాలో బల్బు పెట్టేయడం అనుకోకండి.

మూలలే పిల్లల ప్రాణం తీస్తాయి. చలేస్తే అన్నీ ఒక మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, అడుగున ఉన్నది ఊపిరాడక పోతుంది. షెడ్లలో చిక్ గార్డును (పిల్లల చుట్టూ పెట్టే అడ్డు) గుండ్రంగా కట్టేది అందుకే. ఇంట్లో నాలుగు మూలలకూ అట్ట వంచి పెట్టండి. అడుగున రెండంగుళాల ఊక. రంపపు పొట్టు వద్దు, మేతనుకుని తింటాయి. మొదటి రెండు రోజులు ఊక మీద గోనెసంచి పరచండి. నున్నటి పేపరు పరిస్తే కాళ్లు జారి రెండు పక్కలకూ విడిపోతాయి, ఆ పిల్ల ఇక సరిగా నిలబడలేదు. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేయండి, లేకపోతే తడుస్తాయి, మునుగుతాయి కూడా. రాగానే ముందు కొంచెం బెల్లం కలిపిన నీళ్లు, అవి తాగాక నూకలైనా, స్టార్టర్ దాణా (చిన్న పిల్లల మేత) అయినా. పొట్టలో ఇంకా సొన ఉంటుంది కాబట్టి మేతకు కంగారు లేదు, నీళ్లకే కంగారు.

షాపులో బల్బు అడిగితే ఎల్ఈడీ చేతిలో పెడతారు. వెలుగు బ్రహ్మాండం, వేడి సున్నా. పిల్లలన్నీ ఆ వెలుగులో చక్కగా కనిపిస్తూనే చలికి చచ్చిపోతాయి. పాత ఎలక్ట్రికల్ షాపుల్లో వెతికి ఫిలమెంటు బల్బే తీసుకోండి. పిల్లకు రెండు వాట్ల లెక్కన మీకు 60 వాట్లది సరిపోవాలి, బాగా చలిగా ఉంటే 100. పిల్లలకు అందకుండా అడుగు, అడుగున్నర ఎత్తులో కట్టండి.

డాలస్ నుంచి
మేము ఇక్కడ బల్బు మానేశాం. 250 వాట్ల ఎర్ర బల్బులు ఊడి ఊక మీద పడి కోళ్ల షెడ్లు కాలిపోవడం ఇక్కడ మామూలే. ఇప్పుడు వేడి పలకలు దొరుకుతున్నాయి. చిన్న బల్లలా ఉంటాయి, పిల్లలు కిందికి దూరి వీపు ఆనించుకుంటాయి. వెలుగుండదు కాబట్టి రాత్రి చీకట్లో హాయిగా పడుకుంటాయి. మెట్ట రైతుగారు చెప్పిన పెట్టకు దగ్గరగా ఉన్నది ఇదే.

షెడ్డు మనిషి
ఖమ్మంలో ఆ పలక ఎక్కడ దొరుకుతుంది సార్? ఫిలమెంటు బల్బే దొరకట్లేదని ఉప్పల్ ఆయన గోల పెడుతుంటే.

డాలస్ నుంచి
సరే, బల్బే పెట్టండి. కానీ వైరుకు వేలాడదీయకండి. ఇనుప తీగతోనో గొలుసుతోనో వేరుగా కట్టండి.

ఒకప్పటి కాంపౌండరు
నేను పశువుల ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన వాణ్ని. రోగాల వైపు నుంచి చెప్తాను, అది ఇక్కడ ఎవరూ ముట్టుకోలేదు.

బయట తిరిగే పెట్ట రెట్టలో రక్తపారుడు క్రిమి ఉంటుంది. పెట్ట దానికి అలవాటు పడిపోయి ఉంటుంది కాబట్టి దానికేమీ కాదు. పిల్లలను కిక్కిరిసి, తడి ఊక మీద పెడితే మాత్రం మూడు నాలుగు వారాల వయసులో ఎర్రటి రెట్ట, తర్వాత వరసగా చావులు. కొక్కెర తెగులు కూడా అంతే, ఊళ్లో తిరిగే కోళ్లే మోసుకొస్తాయి. పెట్టెలో ఉంటే ఐదో రోజుకూ ఏడో రోజుకూ మధ్య లసోటా చుక్క (కొక్కెర టీకా), రెండో వారం చివర గంబోరో అనే ఇంకో రోగానికి టీకా వేసేదాకా పిల్లలను దూరంగా కాపాడుకోవచ్చు. పెట్ట వెంట తిరిగే పిల్లలను చుక్కల కోసం పట్టుకోవడానికి వెళ్లి చేతులు పొడిపించుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను.

మెట్ట రైతుగారి మాటల్లో మాత్రం ఒకటి బంగారం: "చాలనుకుంటే బయటికొస్తుంది." ఇంట్లో పెట్టె పెట్టినవాళ్లు ఎక్కువమంది తప్పేది అక్కడే. చిన్న పెట్టె, నడిమధ్యలో బల్బు, పైన దుప్పటి. పిల్ల ఎటు పోయినా అదే వేడి, పోయే చోటే లేదు. బల్బును ఒక చివర పెట్టండి. రెండో చివర చల్లగా ఉండాలి, నీళ్లూ దాణా అటు వైపు. పెట్టె పొడవు మూడు నాలుగు అడుగులైనా లేకపోతే ఇది కుదరదు.

మొదటి వారం బల్బు కింద 95 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 35 సెల్సియస్. వారానికి ఐదు డిగ్రీల ఫారెన్‌హీట్ చొప్పున తగ్గించుకుంటూ రావాలి.

మెట్ట రైతు
థర్మామీటరు పట్టుకుని కూర్చోవాలా ఇప్పుడు?

ఒకప్పటి కాంపౌండరు
అక్కర్లేదు, పిల్లలను చూడండి చాలు. బల్బు కింద ముద్దగా చేరి గట్టిగా కీచుమంటుంటే చలి, బల్బు దించండి. గోడలకు ఆనుకుని, రెక్కలు జారేసి, నోళ్లు తెరిచి రొప్పుతుంటే వేడి, ఎత్తండి. అన్నీ ఒకే పక్కకు జరిగితే రెండో పక్కనుంచి గాలి కొడుతోందని. చెదిరి పడుకుని అప్పుడొకటి అప్పుడొకటి చిన్నగా కూస్తుంటే ముట్టుకోకండి. ఈ చూపు రాత్రి పదకొండు గంటలకు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి పడాలి. పగలంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి.

పెరటి కోళ్లు (ఖమ్మం)
నాకు టెన్షన్ అంతా ఆ తెల్లవారుజాము గురించే. కరెంటు పోతే?

షెడ్డు మనిషి
బొగ్గుల కుంపటి మాత్రం గదిలో పెట్టి తలుపులు మూయకండి, ఆ పొగకు పిల్లలే కాదు మనుషులు కూడా పోతారు. వేడినీళ్లు ప్లాస్టిక్ సీసాల్లో పోసి గుడ్డ చుట్టి ఊకలో పెట్టండి. గంటా రెండు గంటలు గట్టెక్కిస్తాయి. ఇన్వర్టర్ ఉంటే 60 వాట్ల బల్బు దానికి లెక్కే కాదు.

మెట్ట రైతు
నా పెట్టకు ఇన్వర్టర్ అక్కర్లేదు.

మేడ మీద కోళ్లు (ఉప్పల్)
😂 ఇది మాత్రం ఒప్పుకోవాలి.

పెరటి కోళ్లు (ఖమ్మం)
ఇలా అనుకుంటున్నాం. పది పిల్లలు పెట్టకు, పదిహేను పెట్టెకు. పెట్ట గుడ్ల మీద కూర్చుని మూడో వారం. వేరే పిల్లలను రానిస్తుందా?

మెట్ట రైతు
మూడో వారమైతే రానిస్తుంది, కొత్తగా కూర్చున్నదైతే నమ్మలేం. పగలు చూపించకండి. చీకటి పడ్డాక లైటు వేయకుండా గుడ్లు ఒక్కొక్కటీ తీస్తూ పిల్లలను కిందికి తోయండి. పొద్దున దగ్గరుండి చూడండి. ఒక్క పిల్లను పొడిచినా వెంటనే తీసేయాలి. మొదటి ఒకటి రెండు రోజుల్లోనే ఇది చేయాలి, వారం బల్బు కింద పెరిగిన పిల్లలు పెట్టను చూస్తే పారిపోతాయి.

ఒకప్పటి కాంపౌండరు
చేసుకోండి. కానీ పెట్ట దగ్గరి పిల్లలనూ పెట్టెలోవాటినీ టీకాలయ్యేదాకా కలపొద్దు. ముందు పెట్టెకు మేత వేసి, ఆ తర్వాతే పెట్ట దగ్గరికి వెళ్లండి. చెప్పులు కూడా మార్చుకోండి.

పెరటి కోళ్లు (ఖమ్మం)
సరేనండి. ఇన్వర్టర్ కలిసిన పాయింటు మాకు హాల్లో టీవీ పక్కన ఒక్కటే ఉంది. పెట్టె అక్కడికే రావాలి. మా అత్తయ్య సీరియల్ చూసే చోటు. ఊక రోజు విడిచి రోజు మారిస్తే వాసన రాకుండా ఉంటుందా?

మేడ మీద కోళ్లు (ఉప్పల్)
మొత్తం మార్చక్కర్లేదు, తడిసిన చోట తీసి పొడి ఊక వేయండి, మిగతాది రోజూ తిరగేయండి. రెండో వారం దాకా పర్లేదు. మూడో వారానికి పెట్టె వరండాలోకి వెళ్లాల్సిందే, లేకపోతే మీరు వెళ్లాల్సి వస్తుంది.