రాచకొండ గుట్ట దిగేటప్పుడు మోకాళ్ళు వణుకుతున్నాయి: నాన్నగారిని తీసుకువెళ్ళవచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది నల్లగొండ. గత నెలలో మిత్రులతో కలిసి రాచకొండ కోట గుట్ట ఎక్కాను. ఎక్కేటప్పుడు ఆయాసం తప్ప వేరే ఇబ్బంది కలగలేదు కానీ, దిగేటప్పుడు సగం తొవ్వలోనే మోకాళ్ళు వణకసాగాయి. వేళ్ళు బూటు ముందు భాగానికి పదేపదే తగలడంతో బొటనవేలి గోరు నల్లబడి ఇప్పటికీ అలాగే ఉంది. డిసెంబరులో 61 ఏళ్ళ మా నాన్నగారిని కూడా తీసుకువెళ్ళాలని ఉంది. ఆయన రోజూ 4 కిలోమీటర్లు నడుస్తారు. అనుభవమున్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

సమాధానం:
నమస్కారమండి. మాది దేవరకొండ. చిన్నప్పటి నుంచీ ఈ గుట్టలు ఎక్కుతున్నాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. ఎక్కేటప్పుడు తొడ కండరాలు ముడుచుకుంటూ పనిచేస్తాయి. దిగేటప్పుడు అవే కండరాలు సాగుతూ, ఒంటి బరువు ఒక్కసారిగా కిందికి జారకుండా ఆపుతూ ఉంటాయి. ఆ రెండో పనికే కాళ్ళు ఎక్కువగా పట్టేస్తాయి, మరునాడు మెట్లు దిగలేకపోవడానికీ అదే కారణం. చదును నేల మీద ఎంత నడిచినా ఈ అలవాటు రాదు. అందువల్ల నాన్నగారిని ఇప్పటి నుంచే నెల రోజుల పాటు, రోజు విడిచి రోజు, మెట్లు నెమ్మదిగా దిగడం సాధన చేయమనండి. మోకాళ్ళలో నొప్పి వస్తే మాత్రం ఆపి వైద్యునికి చూపించండి.

గోరు విషయానికి వస్తే, ముందురోజే గోళ్ళు కత్తిరించుకుని, దిగడం మొదలుపెట్టే ముందు ఒకచోట కూర్చుని, మడమ వెనక్కి ఆనేలా పాదాన్ని సర్దుకుని, చీలమండ దగ్గర లేసులు బిగించి కట్టుకోవాలి. ఇది రెండు నిమిషాల పని, కానీ చాలామంది చేయరు. అడుగులు చిన్నవిగా వేయండి, మోకాలు కాస్త వంచి ఉంచండి, మరీ వాలుగా ఉన్నచోట పక్కకు తిరిగి దిగండి. ఇద్దరి చేతుల్లోనూ కర్ర తప్పనిసరి. మన గుట్టల్లో అసలు ప్రమాదం పెద్ద రాళ్ళతో కాదు. బండ మీద పొరలు ఊడి రాలిన సన్నని పలుకులు జొన్న గింజల్లా పాదం కింద దొర్లుతాయి. వాటి మీద ఎండుటాకులు కప్పుకుని ఉంటే కనిపించవు కూడా. కాబట్టి ముందు కర్రతో ఆకులు తొలగించి, తర్వాతే అడుగు వేయాలి.

పైకి వెళ్ళేటప్పుడు కోట ద్వారాల దగ్గర కాసేపు ఆగండి. రేచర్ల పద్మనాయకులు రాజధానిగా ఏలిన ఆ చోట, సున్నం లేకుండా ఒకదానిపై ఒకటి పేర్చిన రాళ్ళు నేటికీ నిలిచి ఉన్నాయి. నాన్నగారికి విశ్రాంతీ దొరుకుతుంది, చూడవలసింది చూసినట్టూ అవుతుంది.

మళ్ళీ ప్రశ్న:
చాలా కృతజ్ఞతలండి. నాన్నగారు రక్తపోటుకు మాత్ర వేసుకుంటారు. నీళ్ళు ఎన్ని తీసుకువెళ్ళాలి? పాముల భయం ఉంటుందా?

మరొకరి సమాధానం:
రక్తపోటు మాత్రల్లో కొన్ని మూత్రాన్ని ఎక్కువగా పోనిస్తాయి కనుక, బయలుదేరే ముందు వైద్యుణ్ణి ఒక్క మాట అడగండి. మనిషికి 3 లీటర్ల నీళ్ళు మోయండి, అందులో సగం దిగేటప్పటికి మిగలాలి. ఒక సీసాలో ఓఆర్ఎస్ కలుపుకోండి. పొదల్లో, రాళ్ళ సందుల్లో చూడకుండా చేయి పెట్టకూడదు. ఒకవేళ పాము కాటు వేస్తే కోయడం, గట్టిగా కట్టు కట్టడం, నాటు మందు పూయడం ఏదీ చేయకండి. కాలు కదలనివ్వకుండా కిందికి మోసుకువచ్చి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. బండల అంచులకు పెద్ద తేనెపట్లు వేలాడుతుంటే దగ్గరికి పోవద్దు, పొగ పెట్టవద్దు, అత్తరు పూసుకుని రావద్దు.

డిసెంబరులో సాయంత్రం 6 గంటలకు ముందే పొద్దు గూకుతుంది, చెట్ల కింద ఇంకా ముందే చీకటి పడుతుంది. ఉదయం 7 గంటలకే ఎక్కడం మొదలుపెట్టి, శిఖరం చేరినా చేరకపోయినా 12 గంటలకు వెనుదిరగండి. కింద ఊళ్ళో ఎవరికైనా ఎన్ని గంటలకు దిగుతారో చెప్పి, దిగాక తిరిగి వచ్చామని మళ్ళీ చెప్పి వెళ్ళండి.