మాత్రలోకి నీరు ఇంకుతుందా, మాత్ర నానుతుందా?

ప్రశ్న: టాబ్లెట్‌లోకి నీరు వెళ్లే తీరును టెరాహెర్ట్జ్ (మైక్రోవేవ్‌లకూ పరారుణ కిరణాలకూ మధ్య ఉండే తరంగాలు), ఎంఆర్‌ఐ చిత్రాలతో ఎలా చూస్తారో తెలుగులో రాస్తున్నాను. ‘ద్రవ ప్రవేశం’ అంటే ప్రాణం లేనట్టుంది. ఇంకడం, నానడం, పీల్చుకోవడం... ఏది వాడమంటారు?

జవాబు: ఒక్కటి చాలదండీ. ఇంకేది నీరు, నానేది మాత్ర. టెరాహెర్ట్జ్‌లో కనబడేది ఇంకడమే. మాత్రను ఫ్లో సెల్ అనే, నీరు పారే చిన్న గదిలో బిగించి ఒక ముఖానికి నీరు తగలనిస్తారు, ఎదుటి ముఖం నుంచి పల్స్ పంపుతారు. పొడిభాగాన్ని దాటిన పల్స్, తడి మొదలైనచోట వక్రీభవన గుణకం (ఆ పదార్థంలో తరంగం ఎంత నెమ్మదిస్తుందో చెప్పే సంఖ్య) మారడంతో కొంత వెనక్కి వస్తుంది. పల్స్ మొదట తగిలే పొడి ముఖం నుంచి వచ్చిన ప్రతిధ్వనికీ దీనికీ మధ్య ఉన్న సమయాన్ని కాంతివేగంతో గుణించి, పొడి మాత్ర గుణకానికి రెట్టింపుతో భాగిస్తే ఆ పొడి ముఖం నుంచి అంచు ఎంత లోతులో ఉందో వస్తుంది. నీరు ఈ కిరణాలను బాగా మింగేస్తుంది, కనుక అంచుకు అవతల ఏం జరుగుతోందో తెలియదు. ‘ఇంకే అంచు’ అని రాయండి.

జవాబు: సన్నని సందులు నీటిని లాగడానికి ‘పీల్చుకోవడం’ సరైన మాట. సన్నని సందుల్లోకి ద్రవం ఎక్కే తీరును చెప్పే వాష్‌బర్న్ సూత్రం ప్రకారం నీరు వెళ్లిన లోతు కాలపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. 4 సెకన్లలో 1 మి.మీ. వెళ్తే, 2 మి.మీ.కి 16 సెకన్లు. మాత్ర విచ్చుకోవడానికి కలిపే క్రాస్‌కార్మెలోజ్ సోడియం ఉబ్బిందంటే సందుల కొలతే మారిపోయి ఈ లెక్క తప్పుతుంది. పొడి యంత్రానికి అంటుకోకుండా వేసే మెగ్నీషియం స్టియరేట్‌ను ఎక్కువసేపు కలిపినా అంతే, అది రేణువులకు పూతలా పట్టి నీటిని దగ్గరకు రానివ్వదు.

ప్రశ్న: హెచ్‌పీఎంసీ (నీటిలో జెల్‌గా మారే పాలిమర్) మాత్ర చుట్టూ ఏర్పడే జెల్ పొరకు ‘ఊరడం’ అనవచ్చా?

జవాబు: వద్దండీ. బావిలో నీరు ఊరినట్టు, లోపలి నుంచి పుట్టుకొచ్చే అర్థం కూడా ఆ మాటకుంది. ఇక్కడ నీరు బయటి నుంచే వస్తోంది. ‘నాని ఉబ్బడం’ అనండి. ఎంఆర్‌ఐ చూపేది అదే. నీటిలోని హైడ్రోజన్ వెలుగుతుంది. పొడి మాత్ర సంకేతం చాలా త్వరగా ఆరిపోతుంది గనుక మామూలు స్కాన్‌లో నల్లగా పడుతుంది. జెల్ పొర మందాన్ని గంటల తరబడి కొలవచ్చు. సెకన్లలో విచ్చుకునే మాత్రకు మాత్రం అతివేగపు స్కాన్ కావాలి, లేదంటే బొమ్మ పూర్తయ్యేలోగా మాత్ర చెదిరిపోతుంది.

జవాబు: ‘కరగడం’ మాత్రం ఇక్కడ వాడకండి. విచ్చుకోవడం వేరు, మందు కరగడం వేరు. ముక్కలైన మాత్రలో మందు ఇంకా ఘనంగానే ఉండవచ్చు. ఎక్స్-రే సీటీ గురించి రాసేచోట ‘పొడి మాత్రలో సందుల అమరిక’ అనండి. ప్రయోగశాల స్కానర్ ఒక్క బొమ్మకు నిమిషాల నుంచి గంటల దాకా తీసుకుంటుంది, అంతసేపు నీటి అంచు ఆగదు.