శివాన్ష్, శివాంశ్, శివాంశు: ఏది రాయాలి?

విజయనగరం నుంచి ఒక తండ్రి నిన్న మన గుంపులో అడిగిన ప్రశ్న ఇది. బాబు పుట్టి ఇంకా నెల కాలేదు. హస్తా నక్షత్రం. సిద్ధాంతి గారు పూ, ష, ణ, ఠ అని నాలుగు అక్షరాలు రాసిచ్చారు. తల్లిదండ్రులిద్దరికీ ‘శివాన్ష్’ నచ్చింది. నాయనమ్మ మాత్రం ‘సివాంసూ, ఇలగ రా నాయనా’ అని అప్పుడే పిలుపు మొదలుపెట్టేసింది. పేరు పెట్టకముందే పాడైపోతోందని బాబు తల్లికి టెన్షన్. తాతగారేమో తన తండ్రి సూర్యనారాయణ గారి పేరు ఎలాగోలా కలవాలంటున్నారు. ఇంతకీ తెలుగులో ఎలా రాయాలి అని ఆ తండ్రి ప్రశ్న. రెండు ముక్కల్లో తేలేది కాదని విడిగా రాస్తున్నాను.

నాయనమ్మ పేరును పాడుచెయ్యలేదు. ఆ ఇంట్లో ఆ పేరును తెలుగుగా పలికింది ఆవిడొక్కరే అని నా అభిప్రాయం.

‘అన్ష్’ అనేది అసలు ‘అంశ’. సంస్కృతంలో భాగం అని అర్థం. మనం అంశం అంటాం. ఆంజనేయుణ్ణి, వీరభద్రుణ్ణి ‘శివాంశ సంభూతుడు’ అని మన పెద్దవాళ్లు ఎప్పటినుంచో అంటున్నారు. కాబట్టి మాట మనకు కొత్తది కాదు, రాత కొత్తది. హిందీవాళ్లు చివరి అకారాన్ని మింగేసి, సున్నను ‘న్’లా పలుకుతారు. ఆ పలుకుబడి ఇంగ్లీషు అక్షరాల్లోకి ఎక్కింది. ఆ ఇంగ్లీషును చూసి మనం తిరిగి తెలుగులో రాసుకుంటే ‘అన్ష్’ అయింది. ఈ తిరుగుడులో సున్నా పోయింది, తాలవ్య ‘శ’ కాస్తా మూర్ధన్య ‘ష’ అయిపోయింది. వంశీ అనే పేరును ఎవరైనా ‘వన్షీ’ అని రాస్తారా? హంసను హన్స అంటామా? వంశంలో ఉన్న సున్నా, శకారమే అంశలోనూ ఉన్నాయి.

నేను చదువు చెప్పే బడిలో ఒకటో తరగతి హాజరుపట్టీ తీస్తే ఈ ‘అన్ష్’ మూడు రకాలుగా కనిపిస్తుంది: ఒకచోట అన్ష్, ఒకచోట అంష్, ఇంకోచోట అన్స్. అచ్చులు, గుణింతాలు పూర్తయి అప్పుడప్పుడే సొంత పేరు రాసుకోవడానికి ఉబలాటపడే పిల్లాడు పలక మీద ‘శివా’ వరకు చకచకా రాస్తాడు. తర్వాత ఆగిపోతాడు. న రాయాలి, దాని కింద ష ఒత్తు ఇవ్వాలి, పైన పొల్లు పెట్టాలి. పొల్లు ఎక్కడ పెట్టాలో తెలియక నా మొహం చూస్తాడు. మొదట రాయాలనుకునే మాట ఎవరికైనా తన పేరే కదా. అదే వాడికి అన్నిటికన్నా కష్టమైన మాట అవుతోందంటే నాకు బాధగా ఉంటుంది. ‘శివాంశు’ అయితే శి, వాం, శు. గుణింతం, సున్నా వస్తే చాలు.

చివరి ఉకారం గురించి. తెలుగు అజంత భాష, మాట చివర అచ్చు ఉండాలని కోరుకుంటుంది. బస్సు, కారు, రోడ్డు అన్నీ అలాగే మనవయ్యాయి. నేతాజీ మీది అభిమానంతో పెట్టుకున్న ‘బోస్’ మన ఊళ్లలో బోసు అయింది, బోసుబాబు అయింది. నాయనమ్మ చేసింది కూడా అదే పని. నాలుకకు అలవాటైన దారిలో పేరును ఇంట్లోకి తెచ్చుకుంది.

రమేశ్‌ను రమేష్‌గా ఒప్పుకున్నాం కదా, ఇప్పుడెందుకీ పట్టింపు అని గుంపులో ఒకరు అడిగారు. నిజమే, రమేష్, సురేష్ అని ఒక తరం మొత్తం రాసుకుంది. ఇప్పుడు వాళ్ల పేర్లు దిద్దమని నేననను, ఎవరి పేరు వాళ్ల ఇష్టం. కానీ ఇంకా కాగితం మీదికి ఎక్కని పేరు విషయంలో ఒక్క పూట ఆలోచించుకునే వీలుంది. ఆ వీలు వాడుకోమనే నా మాట.

ఇక నాకు ఎంతో నచ్చిన సంగతి. అంశ వేరు, అంశు వేరు. అంశు అంటే కిరణం. చల్లని కిరణాలవాడు కాబట్టి చంద్రుడు హిమాంశుడు, అమృతకిరణాలవాడు కాబట్టి సుధాంశుడు. అంశుమంతుడంటే సూర్యుడు, భగీరథుడి తాత పేరు కూడా అదే. అంటే ‘శివాంశ’కు నాయనమ్మ తెలియకుండానే ఉకారం చేర్చి శివుడి భాగాన్ని శివుడి కిరణం చేసింది!

మరి నక్షత్రాక్షరం? ఇంగ్లీషులో రెండూ ఒకలాగే రాస్తాం గనక ‘ష’ వచ్చిందనుకుని శివ ఎంచుకున్నట్టున్నారు. శివలో ఉన్నది శ. ‘ష’తో మొదలయ్యే సంస్కృత పదాలు చాలా తక్కువ, అవీ దాదాపు ఆరు సంఖ్య చుట్టూ తిరిగేవే: షణ్ముఖుడు, షడాననుడు. ణ, ఠల సంగతి సరేసరి. మిగిలింది పూ. అక్షరం జన్మనామానికి ఉంచుకుని వాడుకకు నచ్చిన పేరు పెట్టుకునే ఇళ్లూ ఉన్నాయి. అది వాళ్లు వాళ్లు చూసుకోవాలి.

తాతగారి కోరికను మాత్రం పాతకాలపు పట్టుదల అనుకోవద్దు. పతంజలి తన మహాభాష్యం మొదట్లోనే వ్యాకరణం ఎందుకు చదవాలో చెబుతూ, బిడ్డకు పేరు పెట్టడం కూడా ఒక కారణంగా చూపించాడు. ఆ పేరుకు ఉండాల్సిన లక్షణాల్లో ‘త్రిపురుషానూకం’ ఒకటి, పై మూడు తరాలను అనుసరించి ఉండాలని. మనవడికి తాత పేరు పెట్టే మన అలవాటు ఆ కోవలోదే. మన ఉత్తరాంధ్రలో పేరును బట్టి ఊరు పోల్చుకోవచ్చు: పైడిరాజు అంటే విజయనగరం పైడితల్లి, కూర్మారావు అంటే శ్రీకూర్మం, అప్పలనరసమ్మ అంటే సింహాచలం అప్పన్న. సూర్యనారాయణ అంటే అరసవల్లి. ఏటా మార్చిలోను, అక్టోబరులోను కొన్ని ఉదయాలు సూర్యకిరణాలు నేరుగా స్వామి పాదాల మీద పడేది అక్కడే. హస్తా నక్షత్రానికి అధిదేవత కూడా సవితే, అంటే సూర్యుడే.

ఇవన్నీ కలిపి చూస్తే నాకు రెండు పేర్లు తోస్తున్నాయి. ఒకటి ‘పూర్ణాంశు’, నిండు కిరణాలవాడు. తల్లిదండ్రులకు నచ్చిన అంశ ధ్వని ఉంది, తాతగారి సూర్యుడున్నాడు, అక్షరం కుదిరింది, నాయనమ్మ నోటికి కష్టం లేదు. రెండోది ‘పూష’. ద్వాదశాదిత్యుల్లో ఒకడు పూషుడు. సంస్కృతంలో మూలరూపం పూషన్. హల్లుతో ముగిసే పేరే కావాలంటే ‘పూషన్’ అని పెట్టుకోవచ్చు, ఇక్కడ ‘ష’ రాయడం కూడా సరైనదే. రెండూ కొత్తగానే ఉన్నాయి, నేనైతే ఇంతవరకు ఏ హాజరుపట్టీలోనూ చూడలేదు. లేదు, శివాంశే కావాలంటే సున్నాతో, తాలవ్య శకారంతో రాయండి.

తొందరేమీ లేదు. జననం 21 రోజుల్లోగా నమోదు కావాలి గానీ పేరు అప్పుడే ఉండాలని లేదు. ఏడాదిలోగా రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల వరకు వీలుంది. కాకపోతే 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడిలో చేరిక దగ్గర్నుంచి చాలా పనులకు జనన ధ్రువపత్రమే ఆధారం. అందుకని తెలుగు పేరును ఇంగ్లీషు చూసి టైపు కొట్టనివ్వకుండా, మీరే కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వండి. కొట్టాక సున్నా ఉందో లేదో చూసుకునే సంతకం పెట్టండి.

‘పూ’తో మొదలయ్యే పేర్లు పాలకొండ, పార్వతీపురం వైపు పాత తరంలో ఏవైనా వాడుకలో ఉంటే కింద రాయండి, ఆ తండ్రికి ఇంకో దారి దొరుకుతుంది.